పరుగు తీరు మార్చుకోవడం: భారం ఎక్కడికి పోతుంది?

పరుగు మొదలుపెట్టిన కొన్ని నెలలకు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి పుట్టినా, ముంగాలి ఎముక వెంట సలుపు మొదలైనా, నడుము బిగుసుకున్నా, సాధకులకు సాధారణంగా అందే సలహా పరుగు తీరు మార్చుకోమనే. మడమ మీద కాక పాదం ముందు భాగం మీద దిగాలని కొందరు, బూట్లు వదిలేయాలని మరికొందరు, నిమిషానికి సరిగ్గా 180 అడుగులు వేయాలని ఇంకొందరు చెబుతారు. ఈ సలహాలన్నింటిలోనూ కొంత నిజం ఉన్నప్పటికీ, సరైన పద్ధతి పట్టుబడితే శరీరం మీది భారం మాయమవుతుందని వాటి వెనుక దాగిన ఊహ మాత్రం తప్పు. భారం మాయం కాదు. ఒక అవయవం దించుకున్నదాన్ని మరో అవయవం ఎత్తుకుంటుంది. ఎత్తుకునే అవయవం ఎంత సిద్ధంగా ఉంది, ఎంత నెమ్మదిగా ఎత్తుకుంటోంది అన్న రెండు విషయాల మీదే కొత్త పద్ధతి మేలు చేయడమూ కీడు చేయడమూ ఆధారపడి ఉంటాయి. ఆ బదిలీ ఎలా జరుగుతుందో ఈ అధ్యాయం ముందుగా వివరించి, వేడి, తేమ, సిమెంటు బాటలు నిండిన చెన్నై వంటి తీర నగరంలో దానిని ఎనిమిది వారాల్లో క్షేమంగా సాధించే క్రమాన్ని తరువాత సూచిస్తుంది.

భారానికి లెక్క

నడకకూ పరుగుకూ ఉన్న అసలు తేడా వేగంలో లేదు. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేలను తాకి ఉంటుంది. పరుగులో అడుగుకూ అడుగుకూ మధ్య రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఒకటి వస్తుంది. గాలిలో లేచిన శరీరం ఒంటి కాలి మీద దిగుతుంది; అప్పుడు పాదం నేలను ఎంత బలంతో నొక్కుతుందో నేల కూడా పాదాన్ని అంతే బలంతో వెనక్కి నెడుతుంది. శాస్త్రజ్ఞులు నేల ప్రతిచర్యా బలం అని పిలిచే ఈ ఎదురు నెట్టు సాధారణ వేగంతో పరుగెత్తేవారిలో శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల దాకా ఉంటుంది. 70 కిలోల బరువున్న వ్యక్తి నిమిషానికి 160 అడుగుల చొప్పున 35 నిమిషాల్లో అయిదు కిలోమీటర్లు పూర్తిచేస్తే మొత్తం 5,600 అడుగులు పడతాయి. అంటే ఒక్కొక్క కాలు 2,800 సార్లు 140 నుంచి 210 కిలోల బరువుకు సమానమైన బలాన్ని తట్టుకుంటుంది.

ఈ బలాన్ని ఏ భాగం ఎంత మోస్తుందన్నది పాదం దిగే చోటును బట్టి మారుతుంది. శరీరపు బరువు కేంద్రం, అంటే సుమారుగా బొడ్డు కింది భాగం, నేలకు ఎక్కడ సూటిగా ఉందో ఆ చోటుకు దగ్గరగా పాదం దిగితే మోకాలు కొద్దిగా వంగి ఉండి, స్ప్రింగులా దెబ్బను మింగుతుంది. దానికి భిన్నంగా కాలు బాగా ముందుకు చాచి దిగితే మోకాలు దాదాపు నిటారుగా ఉంటుంది, పాదం ప్రతి అడుగుకూ బ్రేకు వేస్తుంది, ఆ బ్రేకును దాటి శరీరాన్ని తిరిగి ముందుకు తోయడానికి తొడ కండరాలు అదనంగా శ్రమిస్తాయి. ఈ అలవాటును అతి అంగ అనవచ్చు. కొత్తగా పరుగు ప్రారంభించినవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. వేగం పెరగాలంటే అంగ పొడవు పెంచాలన్న సహజమైన ఆలోచనే అందుకు కారణం.

పేరున్న పద్ధతులు ఏమి మారుస్తాయి?

పరుగు పద్ధతుల చర్చలో అందరికీ మొదట గుర్తొచ్చేది వట్టికాళ్ళ పరుగు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా పాదరక్షలు లేకుండా మారథాన్ గెలిచాడు. మన దేశంలో శివనాథ్ సింగ్ వట్టికాళ్ళతో పరుగెత్తే మారథాన్ వీరుడిగా పేరుపొంది, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో పరుగు పూర్తిచేసి నెలకొల్పిన జాతీయ రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన 'బార్న్ టు రన్' పుస్తకం, 2010లో హార్వర్డ్ శాస్త్రజ్ఞుడు డేనియల్ లీబర్మన్ బృందం 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ ఆసక్తిని ప్రపంచమంతటా వ్యాపింపజేశాయి. చిన్నప్పటి నుంచీ బూట్లు లేకుండా పరుగెత్తేవారు తరచుగా పాదం ముందు భాగం మీద దిగుతారని, మడమ దిగినప్పుడు ఒక్కసారిగా తగిలే తొలి దెబ్బ వారిలో బాగా తక్కువగా ఉంటుందని ఆ పరిశోధన చూపింది.

అయితే ఆ కథ అక్కడితో ముగియలేదు. అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కుని పరుగెత్తి, రోమ్ కంటే మూడు నిమిషాలకు పైగా ముందుగా గమ్యం చేరి మళ్ళీ స్వర్ణం గెలిచాడు. ఉత్తర కెన్యాలో వట్టికాళ్ళతోనే జీవించే దాసనాచ్ ప్రజలను పరిశీలించి 2013లో ప్రచురించిన మరో అధ్యయనంలో, తమకు అనువైన వేగంతో పరుగెత్తేటప్పుడు వారిలో ఎక్కువమంది మడమ మీదే దిగుతున్నట్టు తేలింది. ఆ ఏడాదే వెలువడిన వేరొక అధ్యయనంలో, అలవాటైన బూట్ల నుంచి పలుచని అడుగుభాగమున్న పాదరక్షలకు పది వారాల్లో మారిన 19 మంది అనుభవజ్ఞుల్లో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు లక్షణాలు పెరిగినట్టు ఎం.ఆర్.ఐ. చిత్రాలు చూపాయి. వట్టికాళ్ళ పరుగు చెడ్డదని ఈ ఫలితాలకు అర్థం కాదు. పుట్టినప్పటి నుంచీ అలవాటైన పాదానికీ, నలభై ఏళ్ళు బూట్లలో గడిపి పది వారాల్లో మారమన్న పాదానికీ ఎంతో తేడా ఉందన్నదే వాటి సారాంశం. మెరీనా పక్కన నొచ్చికుప్పంలోనో బెసెంట్ నగర్ దగ్గరి ఊరూర్ కుప్పంలోనో పుట్టి పెరిగి రోజూ ఇసుకలో పడవలు లాగే మత్స్యకారుడి అరికాలికీ, రోజంతా బల్ల ముందు కూర్చునే ఉద్యోగి అరికాలికీ మధ్య ఉన్న అంతరం కూడా అటువంటిదే.

రష్యన్ శిక్షకుడు నికొలస్ రొమనోవ్ 1977 నుంచి రూపొందించిన పోజ్ పద్ధతి మరో ప్రసిద్ధ మార్గం. శరీరాన్ని కొద్దిగా ముందుకు వాల్చి, పాదాన్ని తుంటి కింద దించి, వెంటనే పైకి లాగడం దాని సారం. 2004లో దక్షిణాఫ్రికా పరిశోధకులు 20 మందికి ఈ పద్ధతి నేర్పి కొలిచినప్పుడు మోకాలు చేసే ఎక్సెంట్రిక్ పని, అంటే కండరం సాగుతూనే బరువును ఆపే పని, తగ్గిందని, చీలమండ దగ్గర అదే పని పెరిగిందని గమనించారు. ఈ అధ్యాయపు ప్రధాన సూత్రానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. మోకాలు దించిన బరువును పిక్క కండరాలూ, వాటిని మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు వంటి అకిలిస్ టెండనూ ఎత్తుకున్నాయి. మోకాలి నొప్పి ఉన్నవారికి ఇది వరం కావచ్చు. పిక్కలు బలహీనంగా ఉన్నవారికి కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత కావచ్చు.

ఈ రెండింటికంటే మృదువైన మార్గాలూ ఉన్నాయి. జపాన్‌లోని ఫుకుయోకా విశ్వవిద్యాలయానికి చెందిన హిరోఅకి తనకా ప్రచారం చేసిన స్లో జాగింగ్‌లో, పక్కవారితో నవ్వుతూ మాట్లాడగలిగేంత నెమ్మదిగా, చాలా చిన్న అడుగులతో పరుగెత్తుతారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న అమెరికన్ జెఫ్ గాలొవే ప్రచారం చేసిన పరుగు-నడక పద్ధతిలో, అలసట వచ్చేదాకా ఆగకుండా మొదటి నుంచే పరుగు మధ్యలో కొద్దిసేపు నడుస్తారు. పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలన్న తెలుగు సామెతకు ఈ రెండు పద్ధతులూ ఒక మధ్యేమార్గం చూపుతాయి: నెమ్మదిగా పరుగెత్తితే పాలూ దక్కుతాయి, ఆయాసమూ తప్పుతుంది.

బండను కదిలించే నలుగురు

మెరీనా తీరంలో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఎదురుగా దేవీప్రసాద్ రాయ్ చౌధురి రూపొందించిన శ్రామిక విజయ శిల్పం 1959 నుంచి నిలిచి ఉంది. పెద్ద బండను కదిలించడానికి నలుగురు మనుషులు ఒంట్లోని ప్రతి కండరాన్నీ బిగించిన దృశ్యమది. తెల్లవారుజామున ఆ దారిన పరుగెత్తేవారు దానిని తమ కాళ్ళకే పటం కట్టినట్టు చూడవచ్చు. తుంటి, మోకాలు, చీలమండ, పాదం అనే నలుగురు కూలీలు ప్రతి అడుగులోనూ ఒకే బండను పంచుకుని మోస్తారు. వారిలో ఒకరు అలసి చేయి సడలిస్తే బండ తేలిక కాదు, మిగిలిన ముగ్గురి మీదికి ఒరుగుతుంది. కొత్త పద్ధతి నేర్చుకోవడమంటే ఈ నలుగురి వాటాలను మార్చడం. అందువల్ల ఏ పద్ధతిని ఎంచుకునే ముందైనా సాధకులు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు: ప్రస్తుతం ఎవరు ఎక్కువ మోస్తున్నారు? ఆ వాటాను ఎవరికి ఇవ్వబోతున్నారు, వారికి ఆ బలం ఉందా?

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉండి, పిక్కలు, మడమలు ఆరోగ్యంగా ఉన్నవారు బరువును కొంత కిందికి బదిలీ చేయడం సమంజసం. ఉదయం మంచం దిగగానే మడమ కింద పోటు వచ్చేవారు, అకిలిస్ టెండన్ దగ్గర వాపు లేదా బిగువు ఉన్నవారు పాదం ముందు భాగం మీద దిగే ప్రయత్నం చేయకూడదు. ఏ నొప్పీ లేకుండా హాయిగా పరుగెత్తుతున్నవారికైతే తీరు మార్చుకోవలసిన అవసరమే సాధారణంగా ఉండదు. మడమ మీద దిగడం తనంతట తాను దోషం కాదు.

అయిదు శాతం మార్పు

అన్ని మార్పుల్లోకీ తక్కువ ప్రమాదమున్నది, ఎక్కువమందికి ఉపయోగపడేది కేడెన్స్‌ను స్వల్పంగా పెంచడం. కేడెన్స్ అంటే నిమిషానికి పడే అడుగుల సంఖ్య. వేగం మారకుండా అడుగుల సంఖ్య పెరిగితే అంగ పొడవు దానంతట అదే తగ్గుతుంది, పాదం శరీరం కిందికి జరుగుతుంది, మడమ దెబ్బ గురించి ప్రత్యేకంగా ఆలోచించకుండానే అతి అంగ సర్దుకుంటుంది. 2011లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ హైడర్‌షైట్ బృందం 45 మందిని పరీక్షించినప్పుడు, సహజమైన కేడెన్స్‌ను 5 శాతం పెంచగానే మోకాలు తనలోకి తీసుకోవలసిన శక్తి తగ్గిందని, 10 శాతం పెంచినప్పుడు తుంటికి కూడా ఆ ఉపశమనం కలిగిందని తేలింది. అడుగుల సంఖ్య పెరిగితే మొత్తం భారం పెరగదా అన్న సందేహం సహజమే. పైన చెప్పిన లెక్కలో 5,600 అడుగులు 5,880 అవుతాయి; కానీ ఒక్కొక్క అడుగులో మోకాలికి దక్కే ఉపశమనం ఆ 280 అడుగుల అదనపు పనిని మించి ఉంటుంది కనుక మోకాలికి చివరికి మిగిలేది లాభమే.

నిమిషానికి 180 అనే సంఖ్య ఎక్కడిదో కూడా తెలుసుకోవాలి. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో శిక్షకుడు జాక్ డేనియల్స్ క్రీడాకారుల అడుగులు లెక్కించి, వారిలో దాదాపు అందరూ 180కి తగ్గకుండా వేస్తున్నారని గమనించాడు. వారు ప్రపంచంలోనే అత్యుత్తములు, పోటీ వేగంతో పరుగెత్తుతున్నవారు. నెమ్మదిగా పరుగెత్తే పొడగరికి అదే సంఖ్యను ఆదేశంగా చెప్పడం ఆ పరిశీలనను అపార్థం చేసుకోవడమే. ప్రతి ఒక్కరికీ ప్రమాణం వారి ప్రస్తుత సంఖ్య. లక్ష్యం దానికి అయిదు శాతం ఎక్కువ.

కొలిచే విధానం సులువు. పది నిమిషాలు హాయిగా పరుగెత్తిన తరువాత, కుడి పాదం నేలను తాకిన సార్లను ముప్పై సెకన్ల పాటు లెక్కించి నాలుగుతో హెచ్చవేయాలి. నలభై వస్తే కేడెన్స్ 160 అని అర్థం. కొత్త లక్ష్యం 168. ఈ లయను నిలబెట్టుకోవడానికి ఫోన్‌లోని మెట్రొనోమ్‌ను, అంటే నిర్ణీత వేగంతో టకటకమనే సాధనాన్ని, వాడవచ్చు. డిసెంబరు వచ్చిందంటే మైలాపూర్ సభల్లో కచేరీలు మారుమోగే చెన్నైలో ఇంకొక ఉపాయమూ అందుబాటులో ఉంది. ఆదితాళం ఎనిమిది క్రియల ఆవర్తం. అడుగుకొక క్రియ చొప్పున మనసులో లెక్కిస్తే 160 అడుగులు నిమిషానికి ఇరవై ఆవర్తాలవుతాయి, 168 అడుగులు ఇరవై ఒకటవుతాయి. నిమిషానికి ఒక్క ఆవర్తం పెరగడమే ఇక్కడ కోరుతున్న మార్పంతా. దీనికంటే పెద్ద మార్పు చేస్తున్నట్టు అనిపిస్తే అది అవసరానికి మించినదని గ్రహించాలి.

లయ కుదిరిన తరువాత మూడు చిన్న విషయాలను గమనించవచ్చు. మొదటిది చప్పుడు: పాదం నేలను తపతపా కొట్టకుండా మెత్తగా దిగితే దెబ్బ తగ్గిందన్నమాట. రెండోది వాలు: నడుము దగ్గర వంగకుండా చీలమండల నుంచి తల దాకా ఒకే గీతగా అతి స్వల్పంగా ముందుకు వాలాలి. మూడోది చేతులు: మోచేతులు వంచి, పిడికిళ్ళు సడలించి, చేతులు ఛాతీకి అడ్డంగా ఊగకుండా ముందుకూ వెనక్కూ కదలాలి. మూడింటినీ ఒకేసారి పట్టించుకోకుండా ఒక రోజు ఒకదానినే గమనించడం మేలు. ఎక్కువ ఆలోచించే కొద్దీ కండరాలు బిగుసుకుంటాయి.

చెన్నై నేల, చెన్నై గాలి

చెన్నైలో పరుగుకు అనువైన స్థలాలు తక్కువేమీ కాదు. నేపియర్ వంతెన నుంచి లైట్‌హౌస్ దాకా మెరీనా వెంట సుమారు మూడు కిలోమీటర్ల సమతలమైన దారి ఉంది. బెసెంట్ నగర్‌లో ఎలియట్స్ బీచ్ ఉంది. 2006 నుంచి చెన్నై రన్నర్స్ వంటి బృందాలు నగరంలో సామూహిక పరుగులు నిర్వహిస్తున్నాయి. అయితే ప్రతి నేలా భారాన్ని తనదైన రీతిలో పంచుతుంది. తారు, సిమెంటు బాటలు గట్టివైనా సమంగా ఉంటాయి కనుక కొత్త లయ నేర్చుకోవడానికి అవే అనుకూలం. మెత్తని పొడి ఇసుక కీళ్ళకు హాయిగా తోచినా, అదే వేగంతో గట్టి నేల మీద పరుగెత్తడం కంటే దాని మీద సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. మడమ లోతుగా దిగబడడం వల్ల పిక్కలు, అకిలిస్ టెండన్ అదనంగా సాగుతాయి. అలల అంచున ఉన్న తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలి ఉంటుంది. దాని మీద ఒకే దిశలో పరుగెత్తితే ఒక కాలు పొట్టి, మరొకటి పొడుగు అయినట్టు తుంటి వంగుతుంది. కొత్త పద్ధతి పిక్కల మీద బరువు పెంచే వారాల్లో ఇసుకను పూర్తిగా మానుకోవడమే క్షేమం.

మైలాపూర్ లజ్ ప్రాంతంలోని నాగేశ్వరరావు పార్కు వంటి చిన్న ఉద్యానాలు నడకకూ వ్యాయామాలకూ అనుకూలం. అక్కడ నడిచే పెద్దలకు అడ్డురాకుండా నెమ్మదిగా కదలడం మర్యాద. చిన్న చుట్టులో ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే లోపలి కాలికి ఒక రకం ఒత్తిడి, బయటి కాలికి మరో రకం ఒత్తిడి కలుగుతాయి కనుక కొన్ని చుట్ల తరువాత దిశ మార్చడం అవసరం.

వాతావరణం కూడా పద్ధతిలో భాగమే. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. సముద్రపు గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట కారుతుందే తప్ప ఆరదు. వేడెక్కిన శరీరం త్వరగా అలసిపోతుంది, అలసిన కాళ్ళు మొదట మరిచిపోయేది కొత్తగా నేర్చుకున్న తీరునే. అందువల్ల శిక్షణకు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలను ఎంచుకోవడం ఉత్తమం. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా తమిళులు కత్తిరి వెయిల్ అని పిలిచే ఎండలు మండే రోజుల్లో, సూర్యోదయానికి ముందే పరుగు ముగించాలి; పరుగు-నడక పద్ధతిని కలుపుకోవాలి; వేగాన్ని గడియారంతో కాక ఊపిరితో కొలవాలి. పూర్తి వాక్యం చెప్పగలిగేంత ఊపిరి మిగిలితే అది తగిన వేగం. తల తిరగడం, మాట తడబడడం, అయోమయం కలిగితే వెంటనే ఆగి, నీడకు చేరి, ఒంటిని చల్లబరచి వైద్య సహాయం పొందాలి.

ఎనిమిది వారాల క్రమం

ఈ క్రమం ఇప్పటికే వారానికి మూడుసార్లు ఇరవై నుంచి నలభై నిమిషాల పాటు పరుగెత్తగలిగేవారి కోసం. గుండె జబ్బు, అదుపులేని రక్తపోటు, కాళ్ళలో స్పర్శ తగ్గించే మధుమేహం ఉన్నవారు, ఇటీవల ఎముక విరిగినవారు వైద్యుడి అనుమతి లేకుండా దీనిని ప్రారంభించకూడదు.

మొదటి వారంలో ఏమీ మార్చకూడదు. మూడు పరుగుల్లోనూ కేడెన్స్ కొలిచి, నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఉందో సున్నా నుంచి పది దాకా ఉన్న కొలమానంలో చిన్న పుస్తకంలో నమోదు చేయాలి. ఈ పుస్తకమే తరువాతి వారాలకు సాక్షి.

రెండు, మూడు వారాల్లో మొత్తం దూరాన్ని పావు వంతు తగ్గించాలి. ప్రతి పరుగులోనూ పది నిమిషాలు పాత తీరులో వెళ్ళిన తరువాత, ఒక నిమిషం కొత్త లయలో, రెండు నిమిషాలు పాత లయలో చొప్పున, తగ్గించిన దూరానికి లోబడి, అయిదుసార్ల దాకా మార్చాలి. కొత్త లయలో వేగం పెరగకుండా చూసుకోవడమే ఈ దశలో కష్టమైన పని.

నాలుగు, అయిదు వారాల్లో కొత్త లయను మూడు నిమిషాలకు, పాతదాన్ని ఒక నిమిషానికి మార్చాలి. ఆరు, ఏడు వారాల్లో మూడు పరుగుల్లో ఒకదానిని పూర్తిగా కొత్త లయలో చేయాలి, మిగిలిన రెండింటినీ పైవిధంగానే కొనసాగించాలి. ఎనిమిదో వారంలో మూడు పరుగులూ కొత్త లయలో చేసి, దూరాన్ని మాత్రం మొదటి వారపు స్థాయికి మించనివ్వకూడదు. ఏ వారంలోనైనా ఇబ్బంది కలిగితే ఆ వారాన్నే మళ్ళీ చేయాలి. ఎనిమిది వారాలు పన్నెండు కావడం ఓటమి కాదు.

దీనితోపాటు రోజు విడిచి రోజు పిక్కల వ్యాయామం తప్పనిసరి. మెట్టు అంచున పాదాల ముందు భాగం మీద నిలబడి, కటకటాన్ని పట్టుకుని, రెండు మడమలనూ పైకెత్తి, మూడు సెకన్ల పాటు నెమ్మదిగా కిందికి దించాలి. పన్నెండుసార్లు చొప్పున మూడు విడతలు చేయగలిగిన తరువాత ఒంటి కాలితో ప్రారంభించవచ్చు. బరువును కొత్తగా ఎత్తుకోబోయే కూలీకి ముందుగా పెట్టే కూడు ఇదే.

ఇన్ని వారాలు ఎందుకన్న ప్రశ్నకు జవాబు శరీర నిర్మాణంలో ఉంది. ఊపిరితిత్తులూ గుండే కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి, కండరాలు ఆ తరువాత; టెండన్లు, ఎముకలు అన్నింటికంటే నెమ్మదైనవి. కొత్త ఒత్తిడి తగిలినప్పుడు ఎముక మొదట తనలోని పాత భాగాన్ని కరిగించుకుని తరువాతే కొత్తది నిర్మిస్తుంది, ఆ చక్రం పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మధ్యలో ఎముక తాత్కాలికంగా బలహీనంగా ఉంటుంది. ఆయాసం తగ్గి ఉత్సాహం పొంగే మూడో నాలుగో వారమే ఎముక అతి సున్నితంగా ఉండే సమయం కావడం వల్ల, ఎక్కువ గాయాలు నిరుత్సాహం వల్ల కాక ఉత్సాహం వల్లనే కలుగుతాయి.

బూట్ల విషయంలోనూ ఇదే నియమం. మడమ కింది ఎత్తుకూ వేళ్ళ కింది ఎత్తుకూ ఉన్న తేడాను డ్రాప్ అంటారు. డ్రాప్ తగ్గే కొద్దీ పని పిక్కల వైపు జరుగుతుంది. తీరునూ బూట్లనూ ఒకే నెలలో మార్చితే వచ్చిన నొప్పి దేని వల్లనో తేల్చుకోవడం అసాధ్యం. ఒకసారి ఒక్కటే మార్చాలి.

నొప్పి చెప్పే మాట

పిక్కల్లో రెండు వైపులా సమానంగా, కండరం మధ్యలో, రెండు రోజుల్లో తగ్గిపోయే తీపు అలవాటు పడుతున్న శరీరానికి సంకేతం. కొలమానంలో మూడుకు మించని నొప్పి, మరుసటి ఉదయానికి తగ్గేది, సాధన కొనసాగించడానికి అడ్డు కాదు. ఒక వేలితో చూపించగలిగేంత కచ్చితమైన చోట ఎముక మీద నొప్పి, రాత్రి నిద్రలో లేపే నొప్పి, వాపు, కుంటు, పరుగెత్తే కొద్దీ తగ్గకుండా పెరిగే నొప్పి మాత్రం ఆగమని చెప్పే మాటలు. వాటికి విశ్రాంతీ, ఎముకల వైద్యుడి లేదా ఫిజియోథెరపిస్టు పరీక్షా అవసరం.

లజ్‌లోని పార్కుకు పేరునిచ్చిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించి, తరువాత కార్యస్థానాన్ని మద్రాసుకు మార్చుకున్నారు. అప్పటి నుంచి తెలుగు, తమిళ ఇళ్ళలో నొప్పి అనగానే చేయి ఆ పసుపు లేపనం సీసా వైపు పోవడం ఆచారమైంది. ఇటువంటి లేపనాలు చర్మంలోని నాడులకు వెచ్చని, చల్లని అనుభూతి కలిగించి నొప్పిని వెనక్కి నెడతాయి. రాత్రి పడుకునే ముందు రాసుకుంటే హాయినిస్తాయి. తెల్లవారి పరుగుకు ముందు రాసుకుని నొప్పి లేదనుకోవడం మాత్రం సాధకుడి పొరపాటు. లేపనం నొప్పి గొంతును తగ్గిస్తుంది. నలుగురిలో ఎవరు ఎంత మోస్తున్నారన్న లెక్కను అది మార్చలేదు, ఆ లెక్క చెప్పగల సాక్షి నొప్పి ఒక్కటే.

ఎనిమిదో వారం చివర మొదటి వారపు పుస్తకాన్ని తిరిగి తెరవాలి. వేగం పెరిగిందా అన్నది అప్పుడు అడగవలసిన ప్రశ్న కాదు. మోకాలి దగ్గర రాసిన అంకె తగ్గి, పిక్క దగ్గర కొత్త అంకె పుట్టకుండా ఉంటే బదిలీ సక్రమంగా జరిగింది. ఒక చోట తగ్గి మరో చోట పెరిగి ఉంటే, పద్ధతిని నిందించకుండా, దానిని వదిలేయకుండా, రెండు వారాలు వెనక్కి వెళ్ళి మళ్ళీ ప్రారంభించాలి. రెండు చోట్లా ఏమీ మారకపోతే పాత తీరుకు తిరిగిపోవడంలో చిన్నతనం లేదు. నిమిషానికి ఒక ఆవర్తం పెంచి చూసి, అది తనకు అవసరం లేదని తెలుసుకున్నవారికి కూడా తమ కాళ్ళలో ఎవరు ఏ బరువు మోస్తున్నారో అంతకుముందు కంటే బాగా తెలుస్తుంది.